అంజూరం అనుకుని పెంచిన చెట్టు

నిన్నటి నుంచి మా ఇంట్లో కత్తెర నా చేతికి అందటం లేదు. దాచింది మా ఆవిడే. ఎందుకో వినండి, మీరైనా నా పక్షాన ఉంటారేమో చూద్దాం!

మా ఆవిడ సుజాతకి అంజూరం పండ్లంటే ప్రాణం. అందుకని పోయినేడు మా మామ లింగాల నుంచి అంటుకట్టిన అంజూరం మొక్కని బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ ప్రొద్దుటూరు తెచ్చాడు.

"అల్లుడా, బిడ్డ మాదిరి చూసుకోవాలప్పా" అన్నాడు.

ఆ మాట తలకెక్కింది నాకు. రోజూ నీళ్లు, ఎరువు, పలకరింపు!

చలికాలం వచ్చేసరికి పైకొమ్మ ఆకులన్నీ రాల్చేసి ఎండుపుల్లలా నిలబడింది. మొదట్లోంచి మాత్రం ఇంకో కొమ్మ నున్నటి ఆకులతో బలంగా లేచింది. ఇదేం రకమో? బజారులో పుట్టి పెరిగినవాణ్ణి, నాకేం తెలుసు! ఆకు ఫోటో తీసి ఫోన్లో యాప్‌ని అడిగా. "ఫైకస్" అని మొదలై పొడుగ్గా ఏదో పేరొచ్చింది. ఫైకస్ అంటే అంజూరమే కదా! మిగతాది చదవకుండా ఫోన్ జేబులో పెట్టేశా.

"ఏం చేస్తాండావప్పా?" అంది సుజాత, నా చేతిలో కత్తెర చూసి.

"ఎండిన కొమ్మ తీసేస్తాండా. బలమంతా మంచిదానికి పోతాది."

కసుక్కున కోసేశా!

ఇంక చూడండి, చెట్టు నన్ను దాటి పెరిగింది. ఆఫీసులో అందరికీ ఫోటోలు. మామకి ఫోన్ చేసి గొప్పలు. ఆయన మురిసిపోయి నిన్న దిగాడు. ఆకు తిప్పి చూశాడు. వంగి మొదలు తడిమాడు.

"అంటు యాడప్పా?"

"ఎండిపోయింటే కోసేసినా మామా."

"అయ్యో! అది చలికి ఆకు రాల్చింటాదప్పా. అంజూరం అదే! ఇది మేడి. వేరు గట్టిగుంటాదని కింద మేడి పెట్టి, దాని మీద అంజూరం అంటు కడతారు. బిడ్డను పారేసి ఉయ్యాలకు పాలు పోసినావు కదా!"

ఫోన్ తీసి చూస్తే మేడి కూడా ఫైకస్ జాతే! సుజాత ముఖం చిన్నబోయింది. ఆమె కోసం ఆయన మోసుకొచ్చిన మొక్క అది. నాకు నిజంగా బాధేసింది. "దీన్ని కొట్టేసి ఇంకోటి పెడదాం మామా" అన్నా.

"మేడి చెట్టు యాడన్నా కొడతారా? దేవుని చెట్టు! ఉండనీ. ఇంకో అంజూరం తెస్తాలే. ఈసారి నా బిడ్డ చేతికిస్తా" అని పడీపడీ నవ్వాడు. చివరికి సుజాత కూడా నవ్వింది. అప్పుడే కత్తెర మాయమైంది.

పొద్దున మీసం సరిచేసుకుందామని అడిగా. తెచ్చింది గానీ చేతికివ్వలేదు.

"ఉండు. ఏది ఉంచాల్నో, ఏది తీయాల్నో నేను చూపిస్తా."

బుద్ధిగా మూతి ముందుకు పెట్టా.