సున్నా వేరు, ఖాళీ వేరు

చింతామణిలో కంప్యూటర్ డిప్లొమా చివరి ఏడాది ప్రాజెక్టు కోసం నేను పాతపాళ్య అనే పల్లెలో ఒక రిటైరైన బడి మేష్ట్రు ఇంటికి వెళ్లాను. ఆయన పెరట్లో వాన కొలిచే గాజు గొట్టం ఉండేది. రోజూ పొద్దున్నే అందులో చూసి, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో నోటు పుస్తకంలో రాసేవారు. ఎవరూ అడక్కపోయినా పదకొండేళ్లుగా రాస్తూనే ఉన్నారు. ఏ నెలలో ఎంత వాన పడిందో చూపించే ప్రోగ్రాం రాస్తానని ఆ పుస్తకాలు అడిగి తెచ్చుకున్నాను.

ఆయన రాసింది ఉన్నదున్నట్టు టైపు చేశాను. ప్రోగ్రాం ఆ అక్షరాలను చదివి అంకెలుగా మార్చుకోవాలి. నడిపిన మరుక్షణమే తప్పు చూపించి ఆగిపోయింది. వెతికితే, ఒక రోజుకు ఎదురుగా ‘జల్లు’ అని ఉంది. ‘12.5’ అయితే అంకె అవుతుంది. ‘జల్లు’ ఏమవుతుంది? కొన్ని రోజుల దగ్గర అసలేమీ లేదు. విసుగొచ్చి, అంకెగా మారని ప్రతిదాన్నీ సున్నా చేసెయ్యమని ఒక్క ముక్క రాశాను. ప్రోగ్రాం చకచకా నడిచింది. గ్రాఫు ప్రింటు తీసుకొని గర్వంగా బస్సెక్కాను.

మేష్ట్రు కళ్లద్దాలు సర్దుకున్నారు. “ఈ వారమంతా సున్నా వేసుండావే?”

“పుస్తకంలో ఖాళీగా ఉండాది కదా సార్.”

“ఖాళీ అంటే నేను ఊర్లో లేనని అమ్మా. గౌరిబిదనూరులో మా చెల్లెలింటికి పోయింటి. ఈడ వాన పడిందో లేదో నాకేం తెలుసు? సున్నా అంటే నా కండ్లతో చూసి, పడలేదని రాసింది. రెండూ ఒగటి యాడైతాయి?”

నాకు సిగ్గేసింది. “మరి జల్లు?”

“గొట్టంలో కొలిచేంత రాలేదు. కానీ పడింది.”

లోపలినుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “పడిందా అని అడుగుతాండారా? రెండు చాపల వడియాలు తడిసిపోయినాయి ఆ పొద్దు!”

“రాసుకో, సాక్షి కూడా ఉండాది,” అన్నారు మేష్ట్రు. ముగ్గురం పడీపడీ నవ్వుకున్నాం.

తిరిగొచ్చి ప్రోగ్రాం మళ్లీ రాశాను. అంకెను అంకెగానే ఉంచాను. ఖాళీకి ‘తెలియదు’ అని, జల్లుకు ‘పడింది, కొలత లేదు’ అని విడివిడిగా గుర్తులు పెట్టాను. పరీక్షకొచ్చిన సార్ ఇంత తంటా ఎందుకన్నారు. వడియాల సంగతి చెబితే ఆయనా నవ్వి మంచి మార్కులే వేశారు.

కొత్త గ్రాఫులో తాను ఊళ్లో లేని వారం ఎక్కడుందో మేష్ట్రు వెతికి చూసుకున్నారు. తర్వాత మెల్లగా, “ఇది చేసేది నాకూ నేర్పిస్తావామ్మా?” అన్నారు. ఆ ఎండాకాలమంతా ఆదివారం పూట ఆయన చింతామణిలో బస్సు దిగేవారు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ టైపు చేసేవారు. నాకంటే తప్పులు తక్కువే.