ఊఁ అనలేని గొంతు

2023 వానాకాలం. అఫ్జల్‌గంజ్‌లో ఒక మందుల దుకాణం పైనున్న ఈఎన్‌టీ క్లినిక్‌లో నేను స్పీచ్ థెరపిస్టుని. కింద బస్సుల హారన్లు, పైన మా గదిలో గొంతు రానివాళ్లు. మా వృత్తి గురించి తెలిసినవాళ్లు తక్కువ. బంధువుల్లో కూడా నన్ను 'నత్తి డాక్టరమ్మ' అనేవాళ్లే ఎక్కువ. నిజానికి పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లు, అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్న టీచర్లు, కూరగాయలమ్మేవాళ్లు అందరూ మా దగ్గరికే వస్తారు.

ఆ వానల్లోనే నరహరిశర్మ గారు వచ్చారు. పాతబస్తీలో ఒక చిన్న శివాలయానికి అర్చకులు. వాళ్ల తాతల నాటి నుంచీ ఆ గుడి సేవ ఆ ఇంటిదే. భార్య పోయి కొన్ని నెలలైంది. కర్మకాండ ముగిసి మళ్లీ గుళ్లో అడుగుపెట్టిన రోజు నోరు తెరిస్తే గుసగుస తప్ప గొంతు రాలేదు. జల్‌పల్లిలో ఉండే కూతురు శారద ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది. కార్తీకమాసం లోపు గొంతు రాకపోతే వేరే అర్చకుణ్ణి పెట్టుకుంటామని గుడి కమిటీ వాళ్లు ఖరాఖండిగా చెప్పేశారట.

"మంత్రం లేకుంటే మా బాపు ఏం జేస్తడు మేడమ్? ఆయనకు ఇంకో పని తెల్వదు" అంది శారద.

మా డాక్టర్ లారింగోస్కోపీ చేశారు, అంటే చిన్న కెమెరాతో గొంతు లోపల చూడటం. వోకల్ కార్డ్స్, అంటే మాటకు ధ్వని పుట్టించే రెండు పొరలు, శుభ్రంగా ఉన్నాయి. దగ్గమంటే రెండూ దగ్గరికొచ్చి దగ్గు ఖంగుమని వినిపించింది. మాట్లాడమంటే మాత్రం కలవవు. దీన్ని ఫంక్షనల్ అఫోనియా అంటాం. గొంతులో లోపం లేదు, మనసుకు తగిలిన దెబ్బ గొంతును పట్టేసింది. ఇంటివాళ్లు నటన అనుకుంటారు గానీ, అది నటన కాదు.

ముందు ఒంటి సంగతి అడిగాను. ఒంటిపూట భోజనం, రోజంతా చాయ్, నిద్ర అంతంతమాత్రం. గొంతు ఒంట్లో భాగమే కదా, ఒళ్లు ఎండబెట్టి గొంతును మాత్రం బాగు చెయ్యమంటే నావల్ల కాదని కాస్త గట్టిగానే చెప్పాను. రెండు పూటలా తినాలి, చాయ్ తగ్గించి నీళ్లు తాగాలి, పొద్దున కాసేపు నడవాలి. ఆయన బుద్ధిగా తలూపారు. శారద దగ్గరుండి చేయించింది కూడా.

ఇక చికిత్స. దగ్గులో వచ్చే ధ్వనిని పట్టుకుని మెల్లగా మాటలోకి లాగడం మా పద్ధతి. దగ్గించాను. నీళ్లు పుక్కిలిస్తూ గొంతులో 'గరగర' చప్పుడు చేయించాను. రెండూ బాగానే వచ్చాయి. తర్వాతి మెట్టు హమ్మింగ్. పెదాలు మూసి 'ఊఁ' అనడం, అంతే. చంటిపిల్లలు కూడా చేస్తారు. శర్మగారు చెయ్యనన్నారు. తల అడ్డంగా ఊపి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

మరుసటి వారం మళ్లీ అదే. నాకు చిరాకేసింది. కార్తీకం ముంచుకొస్తుంటే ఇంత సులువైన దానికి ఈ మొండితనమేంటి? శారదయితే "బాపూ, ఒక్కసారి అను, నీకు పుణ్యముంటది" అని బతిమాలింది. చివరికి ఆమెను కాసేపు బయట కూర్చోమని చెప్పి, ఊఁ దగ్గరే ఎందుకు ఆగుతున్నారని ఆయన్నే అడిగాను.

శారద వినడం లేదు కదా అని తలుపు వైపు చూశారు. తర్వాత గుసగుసగా చెప్పారు. నేను చర్చికి వెళ్లే ఇంట్లో పెరిగాను, పూజ పద్ధతులు నాకు తెలియవు. పూజలో కూర్చున్నవాళ్లు మంత్రం మధ్యలో వేరే మాట మాట్లాడరట. ఎవరైనా పిలిస్తే ఊఁ అంటారు. విన్నాను, అయ్యాక వస్తాను అని దానర్థం.

"ఆ రోజు పొద్దుగాల పూజల ఉన్న. ఆమె వంటింట్ల నుంచి పిలిచింది. నేను ఊఁ అన్న. మళ్ల పిలిచింది. మళ్ల ఊఁ అన్న. హారతి ఇచ్చి పోయి చూస్తే కింద పడి ఉన్నది. గుండె ఆగిందన్నరు. నువ్వు అప్పుడే లేచి వచ్చినా బతికేది కాదన్నరు. డాక్టర్లు గట్లనే అంటరు గదమ్మా."

నాకు ఏడుపొచ్చింది. పేషెంటు ముందు ఏడవకూడదని మాకు నేర్పుతారు. బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

ఆ రోజుతో హమ్మింగ్ మానేశాను. పుక్కిలింత దారినే ముందుకు తీసుకెళ్లాలనుకున్నాను. అది చాలా రోజులు పట్టే దారి, కానీ వేరే దారి లేదు. మా క్లినిక్‌కే వచ్చే కౌన్సెలర్ దగ్గరికీ పంపాను. ఆ పొద్దుటి సంగతి కూతురికి కూడా చెప్పలేదట, ఆవిడ దగ్గర కొద్దికొద్దిగా చెప్పుకున్నారు. మనిషి కాస్త తేరుకున్నారు, నిద్ర పట్టసాగింది. గొంతు మాత్రం నీళ్లుంటేనే పలికేది.

దసరా దాటాక ఒక సాయంత్రం సింకు దగ్గర నిలబడి పుక్కిలిస్తున్నారు. వరండాలో ఫోన్ మాట్లాడుతున్న శారద, "బాపూ, జర ఇటు రా" అని పిలిచింది. ఆయన నీళ్లు ఉమ్మేసి, "వస్తున్న బిడ్డా" అన్నారు. గుసగుస కాదు, గుళ్లో మంత్రం చెప్పే గొంతు. అంటూనే గబగబా నడిచి వెళ్లిపోయారు. తన గొంతు వచ్చిందని ఆయనకు తెలిసింది శారద ఏడుపు చూశాకే.

ఇది అద్భుతమేమీ కాదు. పుక్కిలింత గొంతును సిద్ధం చేసింది, తిండీ నిద్రా ఒంటిని సిద్ధం చేశాయి, మోస్తున్న బరువు సగమైనా దిగింది. అప్పుడొక పిలుపు వచ్చింది. ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది చిన్నదే. పేషెంటు ఏదైనా చెయ్యనంటే ఎలా చేయించాలా అని ఆలోచించను. ఆ చోట ఏం జరిగిందో అడుగుతాను.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం ఆయన్ని చూద్దామని ఆ గుడికి వెళ్లాను. చెప్పులు విడిచే చోటికే గొంతు వినిపిస్తోంది. లోపల పెద్ద క్యూ. మంత్రం జోరుగా సాగుతుండగా వరసలో ఒక ముసలావిడ, "అయ్యగారూ, కళ్లు తిరుగుతున్నయి" అంది నీరసంగా. శర్మగారు ఆపేశారు. "వస్తున్నమ్మా" అని గర్భగుడి దాటి వచ్చి, ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చారు.

మంత్రం మధ్యలో ఆపితే ఎట్లా పంతులూ అని వెనకెవరో గొణిగారు.

"మళ్ల మొదటి నుంచి చెప్త" అన్నారు ఆయన, లోపలికి నడుస్తూ. "శివుడు ఆగుతడు."