సుందరి చూలు, అంజమ్మ కుళ్లు

పుంగనూరులో పెళ్లికొడుకు ఎంత పొట్టివాడైనా సరే, మారప్ప గుర్రం ఎక్కితే రాజే. ఆ తెల్ల ఆడగుర్రం పేరు సుందరి. బ్యాండు మోగినా బెదరదు, చెవి పక్కన టపాకాయ పేలినా తుమ్మదు. ఒకసారి పెళ్లికొడుకు దారిలోనే జారిపడితే, ఖాళీ జీనుతో మండపం దాకా నడిచి హారతి కూడా తనే అందుకుందని చెబుతారు. ఆ మాట ఊళ్లో పుట్టించింది నేనే కాబట్టి సాక్ష్యం అడగకండి.

మారప్ప భార్య అంజమ్మ మాత్రం గుర్రాన్ని పేరుతో పిలిచేది కాదు. "ఆయమ్మ తినిందా? ఆయమ్మ పండుకునిందా?" అని మూతి తిప్పేది. బయటినుంచి రాగానే, కూతురు గీత గడపలో ఎదురు చూస్తున్నా, మొగుడు ముందు కొట్టంలోకి పోయి, సుందరి మెడ నిమిరి, ఆ తర్వాతే ఇంటి గడప తొక్కుతాడు. తొమ్మిదేళ్లుగా అంతే. సవతి రెండు కాళ్లదైతే జుట్టు పట్టుకోవచ్చు, నాలుగు కాళ్లదాన్ని ఏం చేస్తుంది?

పోయిన ఏడాది మారప్ప సుందరిని కుప్పం తీసుకుపోయి మగగుర్రం దగ్గర దాటించుకొచ్చాడు. మదనపల్లె పశువుల డాక్టరమ్మ నందిని స్కానింగు చేసి, చూడి కట్టిందని చెప్పింది. ఇక అతని కాళ్లు నేల మీద నిలవలేదు. ఊరేగింపులు మానిపించాడు. నానబెట్టిన ఉలవలు, రాగి జావ పెట్టాడు. రోజుకు వందసార్లు దాని కడుపు తడిమేవాడు. ఐదో నెలలో సీమంతం కూడా చేశాడు. గాజులు గుర్రం కాళ్లకు పట్టవు కదా, ఎర్రవీ పచ్చవీ దండగా గుచ్చి మెడలో వేశాడు. వీధి ఆడవాళ్లందరికీ పసుపు కుంకుమ, చిత్రాన్నం పొట్లాలు. ఆ చిత్రాన్నం కలిపింది అంజమ్మే. ఉప్పు రెండింతలు వేసింది. తిన్నది మేము.

"నాకెప్పుడన్నా గాజులేసినావా అప్పా?" అని అడిగింది ఆ సాయంత్రం.

"నీకు మీ అమ్మోళ్లు ఏసిరి గదా. దీనికెవురుండారు?"

"అట్లయితే దాని పుట్టింటోడివి నువ్వేనా? మరి నాకేమయితావు?"

మారప్ప చీపురు తీసుకుని కొట్టంలోకి పోయాడు.

సీమంతమైన వారానికే సుందరి మారిపోయింది. మెడ విల్లులా వంచి మగగుర్రంలాగా సకిలించేది. వీధిలో గాడిద కనిపించినా గుంజ పెరుక్కుని కయ్యానికి పోయేది. మారప్ప దగ్గరికొస్తే చెవులు వెనక్కి వాల్చి పళ్లు చూపేది. ఒకనాడు అతని మీసంలో కుడి సగం తినేసింది. ఎడమ సగం అతనే గొరిగించుకున్నాడు. వింత ఏమిటంటే, అంజమ్మ విసురుగా బకెట్టు పెట్టి తిరిగొస్తే మాత్రం ఒక్క చెవి కూడా వాల్చేది కాదు.

దాంతో కుళ్లు ఇల్లు మారింది.

"ఏం పెట్టినావే దానికి?" అన్నాడు మారప్ప.

"ఉలవలు."

"నా మింద ఏమో సెప్పినావు."

"సెప్పాల్సింది శానా ఉండాది. పనుల్లో తీరిక దొరకలా."

మారప్ప మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. మగగుర్రంలాగా అరుస్తోందంటే చూలు జారిపోయిందని తనకు తానే తేల్చుకున్నాడు. నన్ను కాదన్నది ఇంకొకరి చేతి మేత తినడమా అన్న ఉక్రోషం లోపలుంది. డాక్టరమ్మకు ఒక్క మాటైనా చెప్పకుండా రామకుప్పంలో గుర్రాలు కొనే గంగాధరానికి ఫోను చేసి, గుర్రాన్ని తోలుకుపొమ్మన్నాడు. గంగాధరం మరునాడే వ్యాను తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

అంజమ్మ తొమ్మిదేళ్లుగా ఎదురు చూసిన వ్యాను అది. అలాంటిది, ఆమే పోయి కొట్టం వాకిలికి అడ్డంగా కూర్చుంది.

"లెయ్యి మే," అన్నాడు మారప్ప.

"డాక్టరమ్మ సూసిందాకా ఇది కదల్దు. అన్నా గంగాధరన్నా, కడుపుతో ఉండేదాన్ని అమ్ముతాండాడు ఈయప్ప. రేపు నన్ను కూడా బేరం పెడతాడు, నీకు పనికొస్తానేమో సూసుకో."

గంగాధరం వ్యాను వెనక్కి తిప్పాడు. మధ్యాహ్నానికి నందిని వచ్చింది. స్కానింగులో పిల్ల గుండె చక్కగా కొట్టుకుంటోంది.

"మారప్పా, దీనికి నీ మీద కోపం లేదు," అంది నందిని. "గుర్రం కడుపులో ఈ నెలల్లో పిల్ల బీజకోశాలు తల్లివాటికన్నా పెద్దగా పెరుగుతాయి. పిల్ల ఆడదైనా మగదైనా అంతే. వాటినుంచి వచ్చే సరుకుతోనే, పిల్లను అంటిపెట్టుకునుండే మాయ ఆడ హార్మోను తయారు చేస్తుంది. దాంతోపాటు తల్లి రక్తంలో మగ హార్మోను కూడా పెరుగుతుంది. కొన్ని గుర్రాలు అందుకే మగవాటిలా ప్రవర్తిస్తాయి. ఇంకో రెండు మూడు నెలలకు అదే తగ్గుతుంది. రోజుకు ఎన్నిసార్లు తడుముతాండావు దాన్ని?"

"వంద," అంది అంజమ్మ.

"అయితే నువ్వు కొట్టంలోకి పోవద్దు. ఈమె మేత పెట్టి తన దారిన తాను వస్తుంది, దానికి అదే హాయిగా ఉంది. ఈనేదాకా అంజమ్మే చూసుకోవాల."

ఆ రోజునుంచి మారప్ప కొట్టం బయట స్టూలు వేసుకున్నాడు. లోపల అంజమ్మ తోక దువ్వుతుంటే, రేకు సందులోంచి ఒంటికన్నుతో చూసేవాడు. "అట్ల కాదు మే, కిందనుంచి దువ్వు" అనేవాడు. కావాలనే ఆమె గుర్రంతో గుసగుసలాడేది. ఆ గుసగుసల్లో ఏముందో తెలియక మనిషి సగమయ్యాడు. ఎనిమిదో నెల దాటాక సుందరి గాడిదల జోలికి పోవడం మానింది. అయినా పెత్తనం అంజమ్మ వదల్లేదు.

నెలలు నిండాక ఒక తెల్లవారుజామున చనుమొనల మీద మైనంలాంటి బొట్లు కనిపించాయి. గర్భాన్ని పట్టి ఉంచే హార్మోను దిగిపోతోందనడానికి అది గుర్తు, ఇక రేపో మాపో అని నందిని ముందే చెప్పి ఉంది. ఆ గుర్తు తెలిసింది అంజమ్మ ఒక్కదానికే.

"మదనపల్లెకు పోయి గోధుమ తవుడు తే," అంది మొగుడితో.

"ఈడ దొరకదా?"

"ఆడిదే బాగుంటాది."

అతను బస్సెక్కాక ఆమె నందినికి ఫోను చేసింది. గుర్రాలు సామాన్యంగా చీకట్లో ఈనుతాయి. సుందరి మాత్రం పదకొండు గంటల ఎండలో, అరగంటలో తేల్చేసింది. మారప్ప తవుడు మూటతో వచ్చేసరికి నల్లని పిల్ల ఒకటి వణికే కాళ్లతో నిలబడి పాలు తాగుతోంది. అతని భుజం మీది మూట జారింది.

"నాకు సెప్పకుండా... ఇన్ని నెలలు కాసుకోనుండానే! యాల ఇట్ల చేసినావు?" అన్నాడు మారప్ప.

అంజమ్మ చేతులు కడుక్కుంటూ నింపాదిగా అంది. "మన గీత పుట్టిన పొద్దు నువ్వు యాడుండావు? కుప్పంలో ఎవుని పెళ్లికో దీన్ని తోలుకోని పోయింటివి. మూడో నాడు వచ్చి బిడ్డను సూసినావు. ఎట్లుంటాదో తెలిసిందా అప్పా?"

మారప్ప తల దించుకున్నాడు. "తెలిసింది మే," అన్నాడు. ఆ మాట అతని నోటి వెంట రావడం నేను గోడ ఇవతలనుంచి విన్నాను. ఇది మాత్రం కల్పించింది కాదు.

అతను మెల్లగా లోపలికి ఒక అడుగు వేశాడు. సుందరి పిల్లకు అడ్డంగా తిరిగి చెవులు వాల్చింది.

"ఈ పొద్దుకు ఆన్నే నిలబడు," అంది అంజమ్మ. "రేపు రానిస్తాదేమో, అడిగి సెప్తా."