ముద్ర పడని తెరచాప

భవానీపురం హాస్టల్లో నా గదిలో ఉండే అక్క పోస్టుకార్డు మీద చిరునామా పక్కనే పడవ గీసి, స్టాంపును తెరచాపలా ఏటవాలుగా అంటించేది. అంటించే ముందు దాన్ని గోటితో అటూ ఇటూ జరుపుతూ, "ఇక్కడ కాదే, గాలి ఇటు లేదు" అనేది. పోస్టాఫీసు కొట్టే గుండ్రటి ముద్రే ఆ బొమ్మకు సూర్యుడు.

ఫోన్లో మాట్లాడటం ఆమెకు గిట్టదు, నాకు చేతకాదు. ఉద్యోగం వచ్చి ఆమె వేరే ఊరు వెళ్లిపోతుంటే, "అడ్రసు ఇవ్వక్కా" అన్నాను.

"నాకే తెలీదే ఇంకా! కార్డేస్తా. ముద్రలో ఊరి పేరుంటుందిగా, చూసుకుని వచ్చెయ్. నోరు విప్పి దారి అడగడమన్నా వస్తుంది నీకు."

నిన్న కార్డు వచ్చింది. పడవ ఉంది, తెరచాప ఉంది. ముద్ర మాత్రం పడలేదు. సూర్యుడూ లేడు, ఊరూ లేదు.

సర్దుకున్న సంచి పక్కన కూర్చుని, ఓ స్టాంపును గోటితో అటూ ఇటూ జరుపుతున్నాను. గాలి ఎటుందో తెలియడం లేదు.