ఒక పన్ను తక్కువ

మా ఊళ్ళో కొత్త బండి కొన్నవాణ్ణి ఎవరూ ధర అడగరు. "లీటరుకు ఎంతిస్తది?" అని అడుగుతారు. చెప్పేవాడు కూడా ఉన్నది చెప్పడు, నాలుగైదు కిలోమీటర్లు కలిపే చెప్తాడు. అమరచింత చుట్టుపక్కల రోడ్లు చదునుగా ఉంటాయి కాబట్టి చాలామంది బండి కొన్న కొన్నాళ్ళకు ఇంజిన్ దగ్గరి చిన్న పళ్ళ చక్రాన్ని తీయించి, ఒక పన్ను ఎక్కువున్నది వేయించుకుంటారు. స్ప్రాకెట్ అంటారు దాన్ని. ఒక పన్ను పెరిగితే ఇంజిన్ తక్కువ తిరిగి బండి ఎక్కువ దూరం పోతుంది. చదును రోడ్డు మీద అది సరైన లెక్కే. నేను లెక్కల టీచర్ని, సరైన లెక్కకు వంక పెట్టను. కాని మా చేను ఆ రోడ్డు మీద లేదు.

మా చేను గుట్ట అవతల ఉంది. మాది అనడం అలవాటైపోయింది, నిజానికి కౌలు నేల. మా పెళ్ళయిన కొత్తలో నా భర్త తీసుకున్నాడు. రాళ్ళేరి, ముళ్ళపొదలు కొట్టి, పల్లీ పండే నేలగా చేసింది ఆయనే. గుట్ట మీది బాట మాత్రం ఆయన చేతిలో లేదు. వాననీళ్ళు మట్టిని కడిగేసి రాళ్ళను మిగిల్చిన బాట అది. ఒకసారి పంతానికి పోయి నా స్కూటీని ఎక్కించాను. సగం దూరంలో రాతికి కడుపు ఆనించి కూర్చుంది. అక్కడ మోటార్ సైకిలే పోగలదు, అదీ మనిషి నడిచేంత నెమ్మదిగా. అంత నెమ్మదిలో మొదటి గేరు కూడా ఎక్కువే. ఇంజిన్ ఆగిపోకుండా ఉండాలంటే క్లచ్చును సగం నొక్కి పట్టి, వదిలీ వదలకుండా పోవాలి. గుట్ట ఎక్కి దిగేదాకా ఎడమ పిడికిలి బిగిసే ఉండాలి.

పోయిన కార్తీకంలో ఆయన ట్రాక్టర్ ట్రాలీ మీది నుంచి పడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది. వనపర్తి దవాఖానలో కట్టు కట్టారు, ఎముక అతుక్కుంది. కొంత లోటు ఉండిపోతుందని డాక్టరు ముందే చెప్పాడు, అట్లాగే ఉండిపోయింది. క్లచ్చును ఒకసారి నొక్కగలడు, నొక్కి పట్టలేడు. వేళ్ళు వణికి జారిపోతాయి. అప్పటి నుంచి తమ్ముడి వరస అయ్యే ఒకతని బండి వెనక కూర్చొని చేనుకు పోయేవాడు. అతనికి పనున్న రోజు నడిచిపోయేవాడు. నడక అంటే రాను పోను సగం పొద్దు దారిలోనే పోతుంది.

పల్లీ పీకడం అయిపోయాక ఒకరోజు అన్నం ముందు కూర్చొని, కంచంలోకే చూస్తూ చెప్పాడు.

"ఉగాదికి చేను ఇడిసిపెడ్త. ఒకల ఎన్క కూసొని ఎన్ని దినాలు ఎవుసం చేస్త?"

మా దగ్గర కౌళ్ళు ఉగాది నుంచి ఉగాదికి. అప్పుడు వదిలితే ఆ నేల ఇంకొకరికి పోతుంది, మళ్ళీ రాదు. మామూలుగా నాకు కోపం ముందు వస్తుంది, మాట తర్వాత వస్తుంది. ఆ పూట కోపం రాలేదు, భయం వేసింది. నా జీతంతో ఇల్లు గడుస్తుంది, అందుకు కాదు. పొద్దున లేచి పోవడానికి చేను లేకపోతే ఈ మనిషి అరుగు మీద కూర్చొని వచ్చేపోయే బస్సులు చూసే మనిషైపోతాడు. అట్లాంటివాళ్ళు మా వాడలో ఇద్దరున్నారు. ఈయనను మూడోవాణ్ణి కానివ్వనని గట్టిగా అనుకున్నాను.

ఉపాయం బడిలోనే దొరికింది. ఏడో తరగతికి నిష్పత్తి చెబుతూ నల్లబల్ల మీద సైకిలు బొమ్మ వేశాను. ముందు చక్రానికి ఇన్ని పళ్ళు, వెనక చక్రానికి ఇన్ని పళ్ళు అని రాస్తుంటే సుద్దముక్క ఆగిపోయింది. ఊరంతా ముందర ఒక పన్ను పెంచుకుంటోంది. మేము తగ్గించుకుంటే? ఇంజిన్ అంతే తిరుగుతుంది, వెనక చక్రం నెమ్మదిస్తుంది, బలం పెరుగుతుంది. ఎక్కుడులో ఎద్దు అడుగు చిన్నది చేసినట్టే. మొదటి గేరే నడక వేగానికి దిగితే క్లచ్చును సగం పట్టుకునే పనే ఉండదు. బండి మీద ఎడమ చేతికి ఉన్న అసలు పని అదొక్కటే. ఉన్న బలం చాలనప్పుడు పనిని తగ్గించాలి, అంతే కదా.

శనివారం బడి కాగానే ఆయన బండిని నేనే నడుపుకుంటూ మెకానిక్ దగ్గరికి పోయాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపి మోటార్ సైకిల్ మీద పోతుంటే ఊరు చూసింది. చూస్తే చూడనీ. మెకానిక్ పెద్ద మనిషి, మా మండలంలో సగం బండ్ల గుండెచప్పుడు ఆయనకు తెలుసు.

"భాయ్, ముందర స్ప్రాకెట్ పద్నాలుగు పళ్ళది తీసి పదమూడుది ఎయ్యి," అన్నాను.

తప్పు చెప్పిన పిల్లాణ్ణి నేను చూసినట్టే ఆయన నన్ను జాలిగా చూశాడు. "సరే మేడం. పరేషాన్ కాకుండ్రి, మంచిగ చేసి పెడ్త," అన్నాడు.

ఆదివారం పొద్దున నా లెక్కంతా నా భర్తకు విడమరచి చెప్పి గుట్ట కిందికి తీసుకుపోయాను. ఆయన నమ్మీ నమ్మనట్టు విన్నాడు గాని, బయల్దేరే ముందు తల దువ్వుకోవడం నేను చూశాను. మొదటి గేరు వేసి క్లచ్చు వదిలాడు. బండి నెమ్మదిగా కదలాల్సింది పోయి ముందుకు దూకింది. మొదటి రాయి రాగానే క్లచ్చు పట్టక తప్పలేదు. వేళ్ళు వణికాయి, ఇంజిన్ ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు, మళ్ళీ ఆగింది. ఆ తర్వాతసారి బండి ఎడమవైపుకు ఒరిగి పడిపోయింది. ఆయన దూకి తప్పించుకున్నాడు.

"బండికేం రోగం లేదే. నా చెయ్యే చెడింది," అని తాళంచెవి నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా నడిచిపోయాడు. ఆ వీపు చూస్తూ నిలబడ్డప్పుడు ఏడుపొచ్చింది. ఉన్న కాస్త ఆశను కూడా నేనే తీసుకొచ్చి ఆ రాళ్ళ మీద పడేసినట్టయింది.

బండి లేపుకొని ఒక్కదాన్నే రోడ్డెక్కాను. కొంత దూరం పోయాక అనుమానం తగిలింది. పళ్ళు తగ్గితే ఇంజిన్ మునుపటికంటే ఎక్కువ అరవాలి. ఇదేమో వెన్నలాగా, చప్పుడు లేకుండా సాగిపోతోంది. లెక్క తప్పలేదు, చక్రమే తప్పు. ఇంటికి పోలేదు, నేరుగా మెకానిక్ ఇంటికే పోయాను.

"భాయ్, ఏమేసినవు దీనికి?"

ఆయన మొహం వెలిగిపోయింది. "పదిహేను పళ్ళదేసిన మేడం! మీరు తెల్వక తక్కువ అడిగిండ్రు, మైలేజ్ మొత్తం పోతుండె. నా దిక్కెల్లి మంచి మాల్ ఏసిన."

అడగనిది అమ్మైనా పెట్టదంటారు. ఈ మహానుభావుడు అడగనిదే ఏరికోరి పెట్టాడు. నోటికొచ్చినన్ని మాటలన్నాను. వాకిట్లో ఉన్న కోళ్ళు కూడా పక్కకు తప్పుకున్నాయి. నా ఊపిరి అయిపోయాక ఆయన మెల్లగా అడిగాడు. "గని గంత నెమ్మదిగ పోవుడు ఎందుకు మేడం?"

అప్పుడు చెయ్యి సంగతి చెప్పాను, గుట్ట సంగతి, ఉగాది సంగతి చెప్పాను. ఆయన లేచి దుకాణం తాళాలు తీసుకున్నాడు. "గది ముందే చెప్పొద్దా? ముందర ఒక్క పన్ను తగ్గిస్తె సాలదు. ఎన్క పళ్ళ చక్రం సుత పెద్దది ఎయ్యాలె. గద్వాలల దొరుకుతది, తెప్పిస్త. చైన్ జర పొడుగు చెయ్యాలె." నిజమే, వెనక పళ్ళ చక్రం సంగతి నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సిందని ఒప్పుకొని, ఆయన భార్య ఇచ్చిన చాయ్ తాగి వచ్చాను.

ఇంటికొచ్చి నా భర్తకు జరిగింది చెప్పాను. సగం విన్నాక చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"అంటె నా చెయ్యి కాదా?"

"కాదయ్యా. భాయ్ నీకు మైలేజ్ ఇచ్చిండు."

ఆయన నవ్వాడు. కార్తీకం తర్వాత నేను విన్న మొదటి నవ్వు అది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ తుడుచుకోవాల్సి వచ్చింది.

బండి సిద్ధమయ్యేసరికి ఉగాది మీదికి వచ్చింది. పండుగ ముందు రోజు చేను ఆసామి గట్లు చూసుకోవడానికి వస్తాడు. ఉంటావా పోతావా అని మాట తీసుకునేది అప్పుడే. ఆ పొద్దున మళ్ళీ గుట్ట కింద నిలబడ్డాం. రోడ్డు మీద వస్తున్నప్పుడు ఇంజిన్ గోల పెడుతుంటే, పక్కనుంచి దాటిపోయిన కుర్రాళ్ళు "అన్నా, పిండి గిర్నీ నడుపుతున్నవా?" అని ఎగతాళి చేశారు. ఆయన పట్టించుకోలేదు. పరిగెత్తి పాలు తాగేవాళ్ళను తాగనీ అనుకున్నాను.

క్లచ్చు ఒకసారి నొక్కి, గేరు వేసి, వదిలాడు. బండి కదిలింది. దూకలేదు, ఆగలేదు. టకటకమంటూ మొదటి రాయి ఎక్కింది, దిగింది, రెండోది ఎక్కింది. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద ఊరికే ఆనింది. నేను పక్కనే నడిచాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన బండి మీదా నేను నేల మీదా ఉండి ఇద్దరం ఒకే వేగంతో పోవడం అదే మొదలు. ఉగాది పచ్చడికి వేపపూత తేవాలని, బెల్లం నిండుకుందని, ఏవేవో మాట్లాడుతూ ఎక్కాం. గుట్ట నెత్తికి వచ్చాక నాకు ఆయాసం వచ్చి, జర ఆగమన్నాను.

"ఆగితె మళ్ల క్లచ్చు పట్టాలె. నువ్వు మెల్లగ రా," అని ఆయన ఆగకుండానే అవతలికి దిగిపోయాడు. నన్ను అక్కడే వదిలేసి పోయినందుకు నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

నేను దిగి చేరేసరికి ఆసామి గట్టు మీద కూర్చొని ఉన్నాడు. ఈయన ఇంకా బండి దిగలేదు, ఇంజిన్ కూడా ఆపలేదు. పీకేసిన పల్లీ చేను చుట్టూ గట్టు వెంబడి నిదానంగా తిరుగుతున్నాడు. తిరిగి తిరిగి ఆసామి ముందుకొచ్చి ఆపాడు.

"ఏమంటవు మరి? ఉంటవా, ఇడుస్తవా?"

"మిరుగు కార్తెకు కంది పెడ్తనే అన్నా."

ఆసామి ఆయన ఎడమ చేతి వైపు చూశాడు. "చెయ్యి మంచిగయ్యిందా?"

"చెయ్యి గట్లనే ఉన్నది," అన్నాడు నా భర్త, పెట్రోలు ట్యాంకు మీద తడుతూ. "బండే నేర్చుకున్నది."