ఇరవై మూడు ఇళ్ళల్లో నీలం

లెక్కల టీచరమ్మ గారింటి మెట్ల మీద, రెండో మలుపు దగ్గర, నా పాంటు జారింది. ఆ పూట బెల్టు పెట్టుకోవడం మరిచిపోయిన మాట నిజం. రెండు చేతులూ ఖాళీ లేని మాట కూడా నిజం. పాతకాలపు కలర్ టీవీ బరువంతా ముందువైపు గాజులోనే ఉంటుంది. ఆ వైపు నాకప్పగించి, తేలికైన వెనక వైపు మా బావ పట్టుకున్నాడు.

"బావా, ఒక్క నిమిషం దించుదామా?"

"ఇక్కడ దించితే మళ్ళీ ఎత్తలేం."

"బావా, పాంటు."

"పాంటు పగలదు. నడువు."

ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ జత చేసి పెడుతూ పదకొండు మెట్లు ఎక్కాను. పైన తలుపు పట్టుకుని నిలబడ్డ టీచరమ్మ, గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి, "గడప కాస్త ఎత్తు, చూసుకో నాయనా" అన్నారు. సెట్టు బల్ల మీద కూర్చుంది. నేను పాంటు పైకి లాక్కున్నాను. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

బావ అంటే మా అక్క మొగుడు. రంగుల టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో మెకానిక్కు పని నేర్చుకున్నాడు. గోడకి తగిలించే పల్చటి టీవీలు వచ్చాక తోటి మెకానిక్కులంతా సెల్‌ఫోన్ల రిపేర్లలోకి మారిపోతే, ఈయన మాత్రం వెనక్కి నడిచాడు. చెక్క పెట్టెల సెట్లు, జరిపే తలుపుల సెట్లు, గుండ్రటి మీటల సెట్లు ఎక్కడెక్కడ పడున్నాయో వెతికి, తెచ్చి, బతికిస్తాడు. పాత సామాన్ల కొట్టాయన ఫోన్ చేసి, "సారూ, మీ చుట్టం ఒకాయన వచ్చి కూర్చున్నాడు" అంటే చాలు, అన్నం ముందు నుంచి కూడా లేచి వెళ్తాడు. మూతపడ్డ లాడ్జీలు, అటకలు, మెట్ల కింద గూళ్ళు అన్నీ ఆయనకి తెలుసు. సెట్టు దొరగ్గానే ఆన్ చెయ్యడు. వెనక చిల్లుల దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాడు. ఎలుక వాసన వస్తే మంచిదట. కాలిన వాసన వస్తే ఖర్చట. ఏ వాసనా రాకపోతే ఎవడో ముందే విప్పి పాడుచేశాడని అర్థమట.

ఇంటి ముందు గదే ఆయన దుకాణం. దుమ్ము పెయింటు బ్రష్షుతో దులుపుతాడు. ఉబ్బిపోయిన కండెన్సర్లు పీకి కొత్తవి వేస్తాడు. నెర్రెలిచ్చిన టంకాలు మళ్ళీ కరిగిస్తాడు. అన్నీ అయ్యాక చివరి పని రంగులు. పిక్చర్ ట్యూబు మెడ దగ్గర ఒక చిన్న పలక, దాని మీద మూడు రంగులకి మూడు మరలు ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం సరిపాళ్ళలో కలిస్తే తెర మీద తెలుపు తెల్లగా వస్తుంది. పాళ్ళు తప్పితే అన్ని రంగులూ తప్పుతాయి. మరలు వెనక, బొమ్మ ముందు. కాబట్టి సెట్టు ఎదురుగా అద్దం పెట్టుకుని, చెయ్యి వెనక, చూపు అద్దంలో పెట్టి తిప్పాలి. ఆ అద్దం మా అక్క బీరువాది.

"నేను తల దువ్వుకోవాలంటే ఊళ్ళో ఎవరి టీవీయో పాడవ్వాలి" అంటుంది అక్క.

పద్ధతి తెలిసినవాళ్ళు తెర పక్కన తెల్ల కాగితం పెట్టి, దానితో సరిచూసుకుంటూ తిప్పుతారు. బావకి కాగితం అంటే చిన్నచూపు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చూస్తున్న కళ్ళుండగా, పైసా చెయ్యని కాగితం సాక్ష్యం ఎందుకంటాడు.

ఆ రోజు టీచరమ్మ గారింట్లో సెట్టు ఆన్ చేసి, బావ ఛానెళ్ళు చూపించబోతే ఆవిడ వద్దన్నారు. బీరువాలోంచి ఒక క్యాసెట్టు తీసి ప్లేయర్లో పెట్టారు. ఆవిడ భర్త లైబ్రరీలో పనిచేసి రిటైరైన రోజు తీసిన వీడియో అది. పదకొండు నిమిషాలు. ఆయన బల్ల వెనక నుంచి లేచి, నీళ్ళు తాగి, రెండు ముక్కలు మాట్లాడి, దగ్గొచ్చి కూర్చుంటాడు. ఆయన కదిలే బొమ్మ ప్రపంచం మొత్తం మీద అదొక్కటే. దాని కోసమే, వాళ్ళిద్దరూ కలిసి కొనుక్కున్న ఆ సెట్టుని బాగుచేయించారు.

టీచరమ్మ ముందుకి వంగి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"స్వెటరు తెల్లగా ఉందేమిటి బాబూ?"

"తెల్ల స్వెటరే కదమ్మా" అన్నాడు బావ.

"కాదు. లేత పసుపు. ఊలు నేనే కొని నేనే అల్లాను. రెండు నెలలు పట్టింది."

బావ అద్దం తెప్పించుకోలేదు. వెనక పలక విప్పలేదు. తెర వైపు ఒకసారి చూసి, "నువ్వు చెప్పు" అన్నట్టు నా వైపు చూశాడు. నేను పెద్దమనిషిలా తలూపి, "తెల్లగానే ఉందండీ" అన్నాను. తెర మీద ఉన్నది తెలుపే, నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఆవిడ అడిగింది తెర మీద ఏముందని కాదు.

"అయితే ఆ స్వెటరు తెండి, పక్కన పెట్టి చూద్దాం" అన్నాడు బావ.

"అది లేదు బాబూ. ఆయనతోనే పంపించేశాను."

అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "చూడండమ్మా, చేతిలో లేని రంగు గురించి నాతో వాదించకండి. సెట్టు పాతదే గానీ దానికి మతిమరుపు రాదు. వయసు మీద పడితే మనకే అవీ ఇవీ కలిసిపోతాయి" అన్నాడు. కోపంగా అనలేదు. పసిపిల్లకి చెప్పినట్టు మెత్తగా అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది. జీవితమంతా పిల్లల లెక్కలు దిద్దిన మనిషి, లేచి క్యాసెట్టు ఆపేశారు.

దిగేటప్పుడు మెట్ల మీద, "లెక్కలావిడ కదా, ఓ పట్టాన ఒప్పుకోరు" అని నవ్వాడు బావ. నేనూ నవ్వాను.

రెండేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం బావ చేతిలో ఉన్న సెట్టు పొగ వదిలింది. రెసిస్టరు విలువని దాని ఒంటి మీద రంగు గీతలే చెబుతాయి. నీలం గీతని నలుపు గీత అనుకుని, పెట్టకూడనిది పెట్టాడు. పొగ కొంచెమే గానీ కంపు వంటింటి దాకా వచ్చింది. అక్క వచ్చి ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇది నలుపా? మీకు ఇది నలుపా?"

"వెలుతురు తక్కువగా ఉంది."

"మిట్టమధ్యాహ్నమండీ!"

మర్నాడే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఏళ్ళ తరబడి ముదిరినవి. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక బావ మంచం మీద కూర్చుని ఒక కన్ను మూసి గోడని చూశాడు. తరువాత ఇంకో కన్ను మూసి చూశాడు. మళ్ళీ మొదటిది. చుట్టుపక్కల మంచాల వాళ్ళు, పాపం ఎవరికో కన్ను కొడుతున్నాడనుకున్నారు.

"ఏంటి బావా?"

"ఎడమ కంటికి గోడంతా టీ నీళ్ళలో ముంచినట్టుంది. కుడి కంటికి గోడలా ఉంది."

ఇంటికొచ్చాక, అమ్మడానికి సిద్ధం చేసిన నాలుగు సెట్లూ వరసగా ఆన్ చేసుకుని వాటి ముందు కూర్చున్నాడు. ఎంతసేపటికీ లేవలేదు. అక్క గుమ్మంలో నిలబడి, "ఆపరేషన్ సరిగ్గా అవలేదా ఏంటి?" అని భయంగా అడిగింది.

"బాగానే అయింది" అన్నాడు. ఆ మాట ఎవరో పోయినట్టు అన్నాడు.

కొత్త కంటికి కొన్నాళ్ళు అన్నీ నీలంగానే కనిపిస్తాయని డాక్టరు చెప్పాడట. ఆ ఆశతో నెల రోజులు ఆగాడు. తరువాత ఒక పొద్దున నన్ను పిలిచి, కిటికీలు తెరిచి, జీవితంలో మొదటిసారి నా చేతికి ఒక తెల్ల కాగితం ఇచ్చాడు.

"సెట్టు పక్కన పట్టుకో. ఏది తెలుపు?"

"కాగితం."

"మరి సెట్టు?"

"నీలిమందు ఎక్కువైన దుప్పటిలా ఉంది బావా."

"ఎప్పట్నుంచి?"

"నీ సెట్లన్నీ ఈ నాలుగైదేళ్ళుగా ఇలాగే ఉంటున్నాయి కదా."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పనిచ్చావా?"

అక్క వంటింట్లోంచే, "పాత సెట్ల పద్ధతే అంతేమో అనుకున్నా" అంది.

అప్పటికి ఆయనకి అంతా అర్థమైంది. కంట్లో పొర పచ్చబడుతున్న కొద్దీ తెర పచ్చగా కనిపించింది. దాన్ని తెల్లగా చేద్దామని నీలం మర తిప్పుతూ పోయాడు. ఏడాదికి కాస్త, ఏడాదికి కాస్త. నీలం మితిమీరితే లేత పసుపు అందులో మునిగిపోయి తెలుపవుతుంది. ఈ ముక్క ఆయన నాకు విడమరిచి చెప్పలేదు. మూడు మరల మీదా వేలు పెట్టి చూపించి ఊరుకున్నాడు. నాకు టీచరమ్మ గారింట్లో క్యాలెండరు ఉన్న ఆ గది గుర్తొచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ నాలుగైదేళ్ళలో ఆయన చేతి మీదుగా వెళ్ళిన సెట్లు ఇరవై మూడు. ఇరవై మూడు ఇళ్ళకీ వెళ్ళి సరిచేస్తానన్నాడు. సంచిలో స్క్రూడ్రైవర్లు, కాగితం. నా చంకలో అద్దం. మొదటి ఇంట్లో అసలు సంగతికి రావడానికి పావుగంట పట్టింది. అంతసేపూ ఎండ గురించి మాట్లాడాడు. పదో ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే చెప్పేసేవాడు. "సెట్టు తప్పు కాదండీ, నాది. నా కంట్లో పొర ఉండింది, తెలుసుకోలేదు."

మంగలి షాపాయన, "పర్లేదు సార్, మా దగ్గరికి వచ్చేవాళ్ళు వాళ్ళ మొహమే చూసుకుంటారు, టీవీ ఎవడు చూస్తాడు" అన్నాడు. రిటైరైన బస్సు డ్రైవరు మాత్రం, "అదా! అందులో వాళ్ళందరికీ ఏదో జబ్బనుకుని జాలిపడ్డానే" అన్నాడు. కోప్పడినవాళ్ళు తక్కువ. చాలామంది అసలు గమనించనే లేదు. అది బావకి కోపం కంటే కష్టంగా తోచింది.

ఇరవై రెండు ఇళ్ళు అయ్యాయి. టీచరమ్మ గారిల్లు మాత్రం రెండుసార్లు దారిలో పడినా పక్క సందులోంచి తిప్పాడు.

"ఆవిడ ఇంట్లో ఉండరేమో" అన్నాడు.

"మోకాళ్ళ నొప్పులతో ఆవిడెక్కడికెళ్తారు బావా?"

"ఆ ఒక్కటీ నువ్వు తిప్పి రాకూడదూ? నేర్పిస్తా."

"మర నేను తిప్పగలను. ఆ మాట నేనెలా అనను?"

తక్కిన ఇళ్ళల్లో పాడైంది బొమ్మ. ఇక్కడ ఒక మనిషికి తన జ్ఞాపకం మీద ఉన్న నమ్మకాన్ని పాడుచేసి వచ్చాం. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మర్నాడు పొద్దున్నే ఆయనే వచ్చి, అద్దం తీసుకుని పద అన్నాడు.

టీచరమ్మ సన్నబడ్డారు. సెట్టు మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ మీద మందుల డబ్బా ఉంది. బావ కూర్చోలేదు. ఎండ గురించి మాట్లాడలేదు.

"అమ్మా, ఆ స్వెటరు లేత పసుపే అయి ఉంటుంది. నాకు కళ్ళు కనిపించక మీకు మతిమరుపు అన్నాను."

ఆవిడ నెమ్మదిగా మందుల డబ్బా తీసి పక్కన పెట్టారు.

"నువ్వెళ్ళాక ఆ క్యాసెట్టు మళ్ళీ పెట్టలేదు బాబూ. అదొక్కటే అయితే పోనీ. నా చేత్తో అల్లిందే నాకు గుర్తు లేకపోతే ఇంకేం గుర్తున్నట్టు అనిపించింది. మా మనవరాలు తాతయ్య కబుర్లు చెప్పమని వస్తుంది. నాకు సరిగ్గా గుర్తు లేదమ్మా, ఏదో ఒకటి కల్పించి చెబుతానేమో, వద్దులే అనేదాన్ని. ఇప్పుడు అడగడం కూడా మానేసింది."

బావ సెట్టుని గోడ నుంచి జరిపి వెనక పలక విప్పాడు. నేను అద్దం ఎత్తి పట్టుకున్నాను. ఆయన అద్దం వైపు చూడలేదు. కాగితం కూడా తియ్యలేదు.

"అది వద్దు, దించు" అన్నాడు నాతో. తరువాత ఆవిడతో, "మీరు ముందు కూర్చోండమ్మా. క్యాసెట్టు పెట్టండి. మీరు చెప్పండి, నేను తిప్పుతాను" అన్నాడు.

"నేనా? నా మాట మీదా?"

"మీ మాట మీదే."

బావ సెట్టు వెనక గోడకి మొహం పెట్టుకుని, ఒక చెయ్యి లోపల పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెర మీద లైబ్రరీ గది వచ్చింది. టీచరమ్మ భర్త బల్ల వెనక నుంచి లేచాడు. తెల్ల స్వెటరు.

"తిప్పు" అన్నారు టీచరమ్మ. గొంతులో క్లాసు రూము వినిపించింది. "ఇంకా. ఇంకా తిప్పు. అయ్యో, అది నిమ్మపండు రంగు, అంత దూరం వద్దు, ఆగు... కాదు, మళ్ళీ కొంచెం ఇటు. ఊఁ, ఇంకొంచెం."

తెర మీద ఆయన నీళ్ళ గ్లాసు ఎత్తాడు. భుజాల దగ్గర నుంచి స్వెటరులోకి పసుపు మెల్లగా దిగింది.

"ఆగు" అన్నారు.

బావ చెయ్యి ఆగింది. తెర మీద ఆయన దగ్గి కూర్చున్నాడు. టీచరమ్మ క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టారు. మూడుసార్లు పెట్టారు. మూడోసారి ఆయన నీళ్ళు తాగుతుంటే, "కుడి చేతి దగ్గర ఊలు అయిపోయింది. కొట్టువాడి దగ్గర ఆ రంగు మళ్ళీ దొరకలేదు. అందుకే ఆ చెయ్యి కాస్త పొట్టి. చూడు, మడిచి దాచారు" అన్నారు. నేను చూశాను. నిజంగానే పొట్టిగా ఉంది.

బావ సెట్టు వెనక నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. లేచి స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాడు. టీచరమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"ఇంతా చేస్తే పావు తిప్పు కూడా లేదు కదయ్యా. మరి నా రెండేళ్ళ సంగతేమిటి?"

"అవి బాగుచెయ్యడం నా చేత కాదమ్మా."