మంజీర వంతెన మీద నా ఎడమ చెంప

దయ్యాలు లేవని పిల్లలకు చెప్పడానికి సర్కారు నాకు జీతమిచ్చేది. పాపన్నపేట బడిలో సైన్సు సారుని. తీసుకున్న జీతానికైనా ఆ మాట నమ్మాలి కదా, నమ్మాను. ఇది చదివి ఎవరైనా నన్ను మళ్లీ పదో తరగతిలో కూర్చోమంటే తప్పు పట్టను.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. పై దవడలో ఎడమ పక్క రెండు దంతాలు ఎప్పుడో పీకించుకున్నాను. కుడి పక్కవి కదులుతున్నాయి. జొన్నరొట్టె నమిలి చాలా రోజులైంది. ఇంప్లాంట్ల కోసం పోతే, ఆదివారాలు హైదరాబాదు నుంచి మెదక్ వచ్చే దంతాల డాక్టరు, స్క్రూ నిలవడానికి ఎముక చాలదన్నాడు. చెంప లోపల సైనస్ అని ఒక గాలి గది ఉంటుంది. పళ్లు పోతే దాని నేల కిందికి దిగుతుందట. ఆ నేలను పైకెత్తి, కింద ఎముక పొడి నింపి, ఆర్నెల్లు ఆగాలి. దాన్నే సైనస్ లిఫ్ట్ అంటారు. అప్పటికి నాకు తెలిసి మెదక్‌లో ఏ బిల్డింగుకూ లిఫ్టు లేదు. మొదటిది నా మొహానికే పడింది.

పొడి ఎవరిదని అడిగాను. చనిపోయినవాళ్లు దానమిచ్చిన ఎముక, శుభ్రం చేసి బోన్ బ్యాంకు నుంచి పంపిస్తారు, పేరుండదు అన్నాడు. మా దిక్కు బొక్క అంటే ఎముక. కోస్తా నుంచి వచ్చిన మా హెడ్మాస్టరుకు బొక్క అంటే రంధ్రం. నా దవడలో ఇద్దరి మాటా నిజమైంది.

పొడి నింపించుకుని ఇంటికొచ్చి ఈ సంగతి అమ్మకు చెప్పడమే నేను చేసిన తప్పు. మాలో కాష్ఠం ఆరినంక మూడో రోజు బొక్కలేరి, కుండలో కట్టి, మంజీరలో కలుపుతారు. అప్పటిదాకా ఆ కుండను గడప దాటి ఇంట్లోకి రానివ్వరు.

"ఇంట్లకే తేని దాన్ని నోట్లె పెట్టుకున్నవారా?" అంది అమ్మ.

"అది పొడి అమ్మా. మందసొంటిది."

"ఎవల పొడి?"

కుట్లు విప్పాక మెదక్ నుంచి బడికి పోవడం మొదలుపెట్టాను. షేర్ ఆటో మంజీర వంతెన ఎక్కగానే ఎడమ చెంప లోపల చల్లబడింది. తర్వాత ఏదో నీళ్ల వైపుకు మెల్లగా లాగింది. ఎడమ కంట్లోంచే నీళ్లు కారాయి. వంతెన దిగగానే బంద్. నొప్పి కాదు. దిగాల్సిన ఊరు దాటిపోతుంటే బస్సులో మనిషి గాబరాగా లేచి నిలబడతాడే, అట్లా ఉండింది.

గాలి అనుకుని మఫ్లర్ చుట్టుకున్నాను. అయినా వచ్చింది. వేరే వాగుల మీద రాలేదు. ఒకరోజు ఆటోలో నిద్రపోయాను. పక్కన కూర్చున్న కూరగాయలామె తట్టి లేపింది. "ఎందుకేడుస్తున్నరు సారూ? ఎవలన్న పోయిన్రా?" కళ్లు తెరిస్తే వంతెన మధ్యలో ఉన్నాం.

సమ్మెతో బడులు మూతపడ్డ అన్ని వారాలూ ఒక్కసారి కూడా రాలేదు. బడి తెరిచిన మొదటి రోజే మళ్లీ వచ్చింది. డాక్టరు ఎక్స్‌రే తీసి, ఎముక బ్రహ్మాండంగా పట్టిందన్నాడు. మూడు వారాల్లో స్క్రూలు బిగిద్దామన్నాడు.

నాకు పళ్లు కావాలి. ఆ పొడి తీయించెయ్యమని అమ్మ ఎన్నిసార్లన్నా వినలేదు. చివరికి ఆమె ఒక్కటే అడిగింది. "స్క్రూలు బిగించినంక గా మనిషి ఇగ ఏడికి పోతడురా?"

ఆ ఆదివారం ఇద్దరం మంజీర ఏడుగా చీలే ఏడుపాయలకు పోయాం. మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డాను. అమ్మ నువ్వులు, బియ్యం వదిలి, తడిచెయ్యి నా ఎడమ చెంప మీద పెట్టింది. నాతో కాదు, చెంపతో మాట్లాడింది. "పో బిడ్డా, ఆలస్యమైంది."

మర్నాడు వంతెన మీద ఏమీ కాలేదు. ఆ తర్వాతా కాలేదు.

స్క్రూలు బిగించే రోజు డాక్టరు ముందుగా ఇంకో ఎక్స్‌రే తీశాడు. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. పాతదాంట్లో తెల్లగా ఉన్న చోట కొత్తదాంట్లో నల్లగా ఉంది. ఎముక లేదు. ముక్కు గట్టిగా చీదిండ్రా అని అడిగాడు. లేదన్నాను. ఒంట్లో కరిగిపోవడం ఉంటుంది కానీ మూడు వారాల్లో ఇంత శుభ్రంగా కరగదన్నాడు. ముక్కులోంచి పోయిందనుకుంటే సైనస్ లోపలి పొర చిరగాలి, చిరగలేదు. మళ్లీ నింపుదామా అన్నాడు. వద్దన్నాను. రొట్టె పాలలో నానబెట్టుకుని తింటున్నాను.

ఏటా పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, అమ్మ తాత పేరిట, నాన్న పేరిట బియ్యమిచ్చి, ఇంకో దోసెడు పక్కన పెడుతుంది. ఇదెవరి పేరిట అని అయ్యగారు అడుగుతాడు. అమ్మ నా వైపు చూస్తుంది.

"తెల్వదు" అని నేనే చెప్తాను. ఇన్నేళ్ల సైన్సు తర్వాత కూడా నా దగ్గరున్న జవాబు అదొక్కటే.